మిల్వాకీ నగరమును వీడని వదంతి

1969వ సంవత్సరము మార్చి 19వ తేదీన ఎన్.బి.ఏ. బాస్కెట్‌బాల్ సంఘమునకు కమిషనరైన వాల్టర్ కెన్నెడీ ఒక నాణెమును గాలిలోని కెగురవేసెను. ఆ యేడు ఫీనిక్స్ జట్టు 82 పోటీలలో 16 మాత్రమే గెలిచి తన విభాగమున అడుగున నిలిచినది. మిల్వాకీ జట్టు 27 గెలిచి తన విభాగమున కడపటిదిగా మిగిలినది. ఈ రెంటిలో ఏ జట్టు కళాశాలలనుండి రానున్న యువకులలో మొదటివానిని ఎన్నుకొనవలెనో ఆనాటి నియమము ననుసరించి బొమ్మా బొరుసులే తేల్చవలసి యుండెను. రానున్నవాడు సామాన్యుడు కాడు. ఏడడుగులను మించిన ఎత్తరి, యూ.సి.ఎల్.ఏ. కళాశాలను వరుసగా మూడేండ్లు జాతీయ విజేతగా నిలిపిన లూ ఆల్సిండర్. ఫీనిక్స్ యజమానులు ఏమి కోరవలెనో తమ అభిమానులనే అడిగి, వారి మాట చొప్పున బొమ్మ యనిరి. బొరుసు పడినది.

మిషిగన్ సరస్సునకు పడమటి యొడ్డున, షికాగోకు ఉత్తరముగా తొంబది మైళ్ల దూరమున, జర్మనీ నుండి వలస వచ్చినవారి బీరు బట్టీలతోను యంత్రశాలలతోను పెరిగిన శ్రామికనగరము మిల్వాకీ. ఆ బొరుసు ఆ నగరమునకు ఎట్టి ఊరటయో తెలియవలెనన్న అంతకు ముందటి ఇరువదేండ్లలో అది ఏమేమి పోగొట్టుకొన్నదో తెలియవలెను. 1951లో హాక్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు అచ్చటికి వచ్చి, నాలుగేండ్లయిన నిండీ నిండకముందే, యజమాని బెన్ కెర్నర్ నిర్ణయముచే సెయింట్ లూయిస్ నగరమునకు తరలిపోయినది. 1953లో బోస్టన్ నుండి వచ్చిన బ్రేవ్స్ అను బేస్‌బాల్ జట్టు 1957లో జాతీయ చాంపియను పట్టమును గెలిచి ఊరిని ఉత్సవమున ముంచి, 1965 ముగియగానే అట్లాంటాకు వెడలిపోయినది. కనుక 1968లో బక్స్ అను పేర పుట్టిన కొత్త జట్టును ఆ జనులు ఆదరించిన తీరులో ప్రేమతో పాటు, పోగొట్టుకొని పోగొట్టుకొని అలవాటైన వారి జంకు కూడ నుండెను.

తరలిపోయిన ఆ హాక్స్ జట్టే, మరుసటి యేడు, అనగా 1956లో, కళాశాలనుండి రానున్న బిల్ రస్సెల్‌పై తనకు గల హక్కును ఎడ్ మకాలీ, క్లిఫ్ హేగన్ అను ఇరువురికి మారకముగా బోస్టన్ జట్టునకు ఇచ్చివేసెను. దాని ఫలితముగా బోస్టన్ 1957 నుండి 1969 వరకు 13 ఏండ్లలో 11 మారులు పట్టము గెలిచినది. అందు ఎనిమిది వరుసగా గెలిచినవి. నక్షత్రములవంటి ఆటగాండ్రు జట్లు మారుదురను వదంతులు క్రీడాసమతౌల్యమును చెరచుచున్నవని నేడు వాపోవువారు ఈ పదుమూడేండ్లను గూర్చి ఒక్కసారి తలపవలెనని నా కోరిక. ఆ కాలమున ఆటగానికి నోరు లేదు. ఒప్పందపు గడువు తీరినను వానిపై హక్కు జట్టునకే మిగులునట్లు షరతు వ్రాసికొనెడివారు. వాడు ఆడిన ఆ జట్టునకే ఆడవలెను, లేదా యజమాని పంపిన చోటికి పోవలెను. నోరులేనివాని చుట్టు వదంతి ఏల పుట్టును? అంతటి నిశ్శబ్దములోనే, ఎన్.బి.ఏ. చరిత్రలో మరెన్నడును లేనంతటి ఏకఛత్రాధిపత్యము నెలకొన్నది.

ఆ నిశ్శబ్దమును భంగపరచినవారిలో అగ్రగణ్యుడు ఆస్కార్ రాబర్ట్‌సన్. 1965 నుండి ఆటగాండ్ర సంఘమునకు అధ్యక్షుడైన ఆయన, సిన్సినాటి జట్టు తన్ను బాల్టిమోరునకు మారకము చేయబూనగా, తన యొప్పందమున పట్టుబట్టి వ్రాయించుకొన్న అనుమతి నిబంధనను జూపి నిరాకరించెను. అటుపిమ్మట 1970లో తన ఇష్టముతో మిల్వాకీకి వచ్చెను. ఆ యేడే ఆయన పేర యజమానులపై న్యాయస్థానమున వ్యాజ్యము కూడ దాఖలైనది. అనగా మిల్వాకీ అదృష్టము సగము నాణెము వలనను, సగము తన గమ్యమును తానే నిర్ణయించుకొనిన ఒక మనుష్యుని వలనను సమకూడినది. 1970–71లో ఆల్సిండర్, రాబర్ట్‌సన్ ఇరువురును గూడి 66 పోటీలు గెలిచి, తుదిపోరులో బాల్టిమోరును నాలుగింటికి నాలుగు పోటీలలోను ఓడించిరి. పుట్టిన మూడవ యేటనే చాంపియను పట్టము! గెలిచిన వెంటనే ఆల్సిండర్ తాను స్వీకరించిన ఇస్లాము మతమున కనుగుణమైన కరీమ్ అబ్దుల్-జబ్బార్ అను పేరును లోకమునకు ప్రకటించెను.

1974లో తుదిపోరున ఏడవ పోటీ వరకు సాగి బోస్టన్ చేతిలో ఓటమి కలిగినది. రాబర్ట్‌సన్ ఆట విరమించెను. ఆ శరత్కాలమున కరీమ్ జట్టు పెద్దలతో ఒక విందులో గూర్చుండి, తన్ను మరియొక నగరమునకు పంపుడని అడిగెను. ఆయన న్యూయార్కున పుట్టి పెరిగినవాడు. జాజ్ సంగీతమన్న ప్రాణము. తన మతమువారు, తన అభిరుచులవారు పలువురు గల చోట బ్రదుకవలెనని కోరినాడు. నగరమును నిందింపలేదు, జట్టును తూలనాడలేదు. అడిగినది రహస్యముగా, అడిగిన పిమ్మటను చేయి విరిగి తొలి 16 పోటీలకు దూరమైనను, కోలుకొని యథాప్రకారము ఆడినాడు. ఆ రహస్యము శీతకాలమంతయు నిలిచినది. కాని గోడలకు చెవులుండును గదా. 1975 మార్చిలో న్యూయార్కునకు చెందిన క్రీడావ్యాఖ్యాత మార్వ్ ఆల్బర్ట్, కరీమ్ న్యూయార్కునకో లాస్ ఏంజిలిస్‌నకో పోగోరుచున్నాడని ప్రసారము చేసెను. కరీమ్ కాదనలేదు, అడిగినవారితో అవునని నిజము పలికెను.

నేడు మనము వినుచున్న మారకపు వదంతులకు పూర్వరూపము ఇదియే యని నా తలంపు. దీని అంగములన్నియు అప్పుడే యేర్పడినవి: ఆటగాని మనసులోని మాట, దానిని బయటపెట్టిన వార్తాహరుడు, పేరు వినబడిన మహానగరముల ఉబలాటము, పేరు వినబడని చిన్న నగరపు దైన్యము. వదంతి పొక్కిన క్షణమునుండి అమ్మువాని బేరము సన్నగిల్లును. ఉంచుకొనజాలని సరకును ఎవ్వడును నిండు ధరకు కొనడు. అట్టి స్థితిలో బేరమాడవలసినవాడు వేన్ ఎంబ్రీ. ఎన్.బి.ఏ.లో జనరల్ మేనేజరు పదవి నధిష్ఠించిన మొదటి నల్లజాతీయుడు ఆయనయే. న్యూయార్కు వద్ద ధనము గలదు గాని ఈయదగిన యువకులు లేరు. ఎంబ్రీ డబ్బు కోరలేదు, ఆటగాండ్రను కోరినాడు. 1975 జూన్ 16న కరీమ్‌ను, వాల్ట్ వెస్లీని లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కు ఇచ్చి, ఎల్మోర్ స్మిత్, బ్రయన్ వింటర్స్, డేవ్ మయర్స్, జూనియర్ బ్రిడ్జ్‌మన్ అను నలుగురిని తెచ్చుకొనెను. చివరి యిద్దరును ఆ నెలకు కొలది దినముల ముందే కళాశాలలనుండి లేకర్స్ ఎన్నుకొనినవారు. తమ్మెన్నుకొనిన జట్టు తరపున ఒక్క పోటీయైన ఆడకమునుపే మరియొకని వెలగా మారినవారు.

ఇట్టి ఘట్టమున సమతౌల్యము తలక్రిందులైనదని వ్రాయుట సులభము. జరిగినది వేరు. మరుసటి యేడు కరీమ్ అత్యుత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను గాని ఆయన జట్టు 40 గెలిచి 42 ఓడి తుదిదశ పోటీలకే చేరలేదు. మిల్వాకీ 38 గెలిచి 44 ఓడియు, తన విభాగము బలహీనమగుటచే, అందు ప్రథమస్థానము పొందినది. తరువాత డాన్ నెల్సన్ శిక్షణలో, వింటర్స్, బ్రిడ్జ్‌మన్ వంటివారి ఆటతో, 1980 నుండి 1986 వరకు ఏడేండ్లు వరుసగా విభాగమున అగ్రస్థానము నిలుపుకొనినది. అయినను ఒక్కమారును తుదిపోరునకు చేరలేదు. లేకర్స్‌కు 1980లో పట్టము దక్కుట కరీమ్ ఒక్కని వలననే కాదు. గెయిల్ గుడ్‌రిచ్ అను తమ ఆటగానిని న్యూ ఆర్లియన్స్ జట్టు 1976లో తీసికొనగా, దానికి పరిహారముగా లభించిన, కొత్తవానిని ఎన్నుకొను హక్కు 1979లో మాజిక్ జాన్సన్ రూపమున ఫలించినది. ఒక నగరపు నక్షత్రము మరియొక నగరమునకు పోయినంత మాత్రమున తూనిక ఒరుగదు. దాని ప్రక్కన రెండవ రాయి పడినప్పుడు ఒరుగును.

రాబర్ట్‌సన్ వ్యాజ్యము 1976లో రాజీతో ముగిసి, ఆటగాండ్ర విముక్తికి మార్గము తెరచినది. 1984–85లో జట్టు జీతములకు 36 లక్షల డాలర్ల పరిమితి వచ్చినది; 1985లో నాణెమునకు బదులు లాటరీ వచ్చినది; 1988 నుండి అనుభవశాలురకు, గడువు తీరిన పిమ్మట, కోరిన చోటికి పోవు స్వేచ్ఛ లభించినది. ఈ నియమముల వెనుక ఉన్న వాదోపవాదములు వేరొక వ్యాసమునకు చాలును.

2013లో మిల్వాకీ పదునైదవ వంతున ఎన్నుకొనిన బాలుడు యానిస్ అంటెటోకూంపో. నైజీరియా నుండి వచ్చిన తలిదండ్రులకు ఏథెన్స్ నగరమున జన్మించి, ఆ వీధులలో చిల్లర వస్తువుల నమ్మి కుటుంబమునకు తోడ్పడినవాడు. 2019, 2020 సంవత్సరములలో అత్యుత్తమ క్రీడాకారుడైనంతనే పాత గాలి మరల వీచినది: ఒప్పందము ముగియగానే ఇతడును పోవునట! మయామీ యని కొందరు, గోల్డెన్ స్టేట్ యని కొందరు. జట్టు పెద్దలు భయపడి 2020 నవంబరులో జ్రూ హాలిడే అను ఆటగాని కొరకు, కొత్తవారిని ఎన్నుకొను మూడు మొదటి వరుస డ్రాఫ్టు హక్కులను ధారపోసిరి. మరియొకని కొరకు సమయము రాకమునుపే మంతనములాడినందున సంఘము వారి హక్కు నొకదానిని రద్దు చేసినది. డిసెంబరు 15న యానిస్ అయిదేండ్ల యొప్పందమున సంతకము చేసెను. ఏడు మాసములకు, 2021 జూలై 20న, తుదిపోరు ఆరవ పోటీలో 50 పాయింట్లు సాధించి, యాబదేండ్ల పిమ్మట నగరమునకు పట్టము తెచ్చెను. ఓడిన జట్టు ఫీనిక్స్. 1969లో బొమ్మ కోరి బొరుసు పొందిన ఆ ఫీనిక్స్.

ఐనను వదంతి వీడలేదు. 2023లో పోర్ట్‌లండ్ నుండి వెడలగోరిన డేమియన్ లిలార్డ్‌ను తెచ్చుటకై మిల్వాకీ ఆ హాలిడేనే వదలుకొనెను. అతడు దినముల వ్యవధిలో బోస్టన్ చేరి, 2024లో ఆ జట్టునకు పట్టము గెలుచుటలో తోడ్పడెను. లిలార్డ్ 2025 ఏప్రిలులో మడమ స్నాయువు తెగి పడిపోయెను; వేసవిలో జట్టు అతనిని విడిచిపుచ్చినది. వదంతి చేయు నిజమైన హాని ఇచ్చటనే యున్నదని నాకు తోచును. పోవునో పోడో తెలియని యొకని నిలుపుకొనుటకై, రేపటి ధాన్యమును నేడే వండివార్చుకొను నగరముపై నా మనసు జాలిగొనును. ఆటగాని స్వేచ్ఛను నేను ఒక్క మాటయు తప్పుపట్టను. తానెన్నుకొనని ఊరిలో యౌవనమంతయు గడుపుమని ఎవరిని శాసింపగలము? అదియునుగాక, వదంతులు హోరెత్తిన ఈ కాలముననే 2019 నుండి 2025 వరకు ఏడేండ్లలో ఏడు వేర్వేరు జట్లు పట్టము గెలిచినవి. వానిలో కడపటిదైన ఓక్లహోమా సిటీకి నాయకుడు షే గిల్జియస్-అలెగ్జాండర్; 2019లో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్‌కు పోగోరిన పాల్ జార్జికి మారకముగా వచ్చిన యువకుడు. పోయినవానినే చూచి కన్నీరు పెట్టువారు వచ్చినవానిని గుర్తింపరు.

జూనియర్ బ్రిడ్జ్‌మన్ మిల్వాకీకి తాను కోరి వచ్చినవాడు కాడు. వచ్చి, ఊరివాడైనాడు. ఆట ముగిసిన పిమ్మట భోజనశాలల వ్యాపారమున గొప్ప ధనము గడించి, 2024 సెప్టెంబరులో ఏ జట్టునకు తాను ఒకప్పుడు వెలగా వచ్చెనో ఆ జట్టులోనే వాటా కొని భాగస్వామి యయ్యెను. 2025 మార్చిలో మరణించెను. మిల్వాకీ క్రీడాశాల పైకప్పున, మరెవ్వరును ధరింపరాదని జట్టు గౌరవముతో విరమించిన సంఖ్యలు వ్రేలాడుచున్నవి. వానిలో కరీమ్ ధరించిన 33 కలదు. అతనికి మారకముగా వచ్చిన బ్రయన్ వింటర్స్ ధరించిన 32 కలదు. బ్రిడ్జ్‌మన్ ధరించిన 2 కూడ కలదు.