గోడనుండి వెలువడు నీటికి తొలి మలుపు

హైదరాబాదునకు వాయవ్యమున, బొంబాయి రహదారికి ఇరుప్రక్కల, ఒకవంక సనత్‌నగర్ కర్మాగారములును వేరొకవంక జూబ్లీహిల్స్ బండగుట్టలును ఉండగా నడుమ పెరిగిన ఎర్రగడ్డలో ఏ హార్డ్‌వేర్ దుకాణమునకు పోయి ‘యాంగిల్ కాక్’ అని అడిగినను, పిడికిట నిముడునంతటి ఇత్తడి పరికరమొకటి, క్రోమియము పూతతో మెరయుచు, మన ముందునకు వచ్చును. గోడలోని గొట్టమునుండి నేరుగా బయటికి వచ్చు నీటిని లంబకోణమున మలచి, వలసినపుడు విడుచుచు, వలదన్నపుడు ఆపుట దాని పని. వాష్‌బేసిను క్రిందను, ఫ్లష్ ట్యాంకు ప్రక్కను, గీజరు అడుగునను, వంటింటి సింకు చాటునను అది అణగియుండును గనుక చెడినపుడు తప్ప దానిని తలచువారు అరుదు. అయినను వీధిలో ఆగిన నీరు ఇంటిలోనికి, ఇంటిలోనుండి గదిగదికి నడచివచ్చిన క్రమమును తెలిసికొనగోరువారికి దీనికంటె నమ్మదగిన సాక్షి వేరొకటి లేదని నా విశ్వాసము.

నీటిని గొట్టములలో నడపుట ఈ నేలకు కొత్త విద్య కాదు. కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ దుర్గమునందు జలయంత్రములతో మెట్టుమెట్టుగా పైకెత్తిన నీటిని మట్టిగొట్టముల ద్వారా రాజప్రాసాదములకును ఉద్యానములకును పంపిరి. మట్టిగొట్టము మిక్కిలి ఒత్తిడిని ఓర్వజాలదు. కావున అట్టి ఏర్పాటులో నీటిని తొట్టినుండి తొట్టికి దాని బరువుతోనే పారించుట ప్రధానముగాని, ప్రతి మొగమువద్దను బిగించి కట్టివేయుట కాదు. లోహపు గొట్టమునకు లోహపు కుళాయిని అమర్చు కౌశలమును పూర్వమే సాధించినవారు రోమనులు. రంధ్రము గల కంచుబిరడాను కంచుగుల్లలో నిలిపి పావు చుట్టు త్రిప్పినంతనే నీరు వచ్చునట్లును, మరల త్రిప్పినంతనే ఆగునట్లును వారు చేసిన కుళాయిలు పాంపే శిథిలములలో దొరకినవి. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగము వరకు ఐరోపా గృహములలో నడచినది ముఖ్యముగా ఈ బిరడా కుళాయియే.

దాని లోపము దాని సులభత్వముననే కలదు. వడిగా పారు నీటిని ఒక్కసారిగా అడ్డగించినచో ఆ వేగమంతయు ఒత్తిడిగా మారి గొట్టమును సుత్తితో మోదినట్లు మోదును. అచ్చటి నగరములలో రోజుకు కొన్ని గంటలు మాత్రమే వచ్చు నీరు నిరంతరముగ, అధికమైన ఒత్తిడితో రాసాగిన తరువాత ఈ జలఘాతమువలన గొట్టములు పగులుట పెద్ద బాధయైనది. 1845లో ఇంగ్లండునందలి రాథర్‌హాం పట్టణపు గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ మరచుట్టులతో మెల్లమెల్లగా దిగి, వాషరుతో పీఠమును మూయు కుళాయికి హక్కుపత్రము పొందినది. త్రిప్పుటకు కొంత కాలము పట్టును. ఆ జాగే గొట్టమునకు రక్ష. ఘాతము వలన ఎంత ఒత్తిడి పుట్టునో లెక్కకట్టు సూత్రమును రష్యా శాస్త్రవేత్త జుకోవ్‌స్కీ మాస్కో నీటిగొట్టములపై పరీక్షలు చేసి ఆ శతాబ్ది చివర ప్రకటించినాడు. మన యాంగిల్ కాక్, అనగా యాంగిల్ వాల్వు, ఈ మరచుట్టు కుళాయి సంతతిలోనిదే: నీరు అడుగునుండి వచ్చి, వాషరు పీఠమును దాటి, ప్రక్కకు మరలిపోవును.

హైదరాబాదు కథ వరదతో ఆరంభమగును. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై, వరదను ఆపుటకును దాహమును తీర్చుటకును జలాశయములు తలపెట్టబడి, 1920లో గండిపేటగా మనమెరిగిన ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును వెలసినవి. ఆ నీరు తొలుత సామాన్యునకు అందినది వీధి నల్లావద్దనే. కలిగినవారి ఇండ్లలో సైతము పెరటిలో ఒక కుళాయి, దాని క్రింద ఒక గచ్చుతొట్టి ఉన్న చాలును. ఇంటికంతకు ఒకే మొగము గల కాలమున ప్రత్యేకముగ ఒక్కొక్క మొగమును ఆపు ప్రశ్నయే పుట్టదు. గోడకు బయట కనబడునట్లు బిగించిన జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) పైపు, దాని మొదట ఒక గేట్ వాల్వు, చివర ఒక బిబ్ కాక్, చుట్టులు కారకుండుటకు జనుపపీచును సఫేదా అను తెల్లని పూతయును: ఇంతియే నాటి గృహజలవిద్య.

ఈ స్థితిని మార్చినవి రెండు. మురుగుకాలువలతో కూడిన ఫ్లష్ దొడ్డి ఇంటిలోనికి వచ్చుట మొదటిది. ఇంటికప్పుమీద నీటిట్యాంకు వెలయుట రెండవది. 1960లలో మంజీర నీరు నగరమునకు చేరనారంభించినది. ఆ దశకముననే జూబ్లీహిల్స్ గుట్టలపై గృహనిర్మాణ సహకార సంఘము స్థలములను తీర్చిదిద్దసాగెను. 1970ల నడుమ అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన తరువాతను, మద్రాసునుండి చలనచిత్ర పరిశ్రమ విడతలువిడతలుగా తరలివచ్చి ఫిలింనగర్ ఏర్పడిన తరువాతను, ఆ బండలమీద పడకగదికొక స్నానపుగది గల భవనములు లేచినవి. నీరు వచ్చునది కొంతసేపే, వాడుక దినమంతయు. కావున నేలసంపులో పట్టి, మోటారుతో కప్పుమీదికి ఎక్కించి, అక్కడినుండి దింపుకొనుటయే మార్గమైనది. గుట్టమీది భవనమునకును, క్రింద ఎర్రగడ్డలోని రెండుగదుల యింటికిని ఈ విషయమున భేదము లేదు.

పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు చదరపు సెంటీమీటరునకు ఒక కిలో ఒత్తిడి. ఒంటి అంతస్తు యింటిలో ట్యాంకు అడుగునకును కుళాయికిని నడుమ మూడు నాలుగు మీటర్లు మాత్రమే యుండును. అనగా అర కిలోకైన తక్కువ. అమెరికాలో మన బంధువులుండు ఇండ్లలో అది సాధారణముగా మూడు మొదలు ఐదు కిలోల వరకు ఉండును. అచ్చటి కుళాయి ఇచ్చట సన్నని ధారగా కారుటకు కారణము ఇదియే. వారు ప్రేమతో పెట్టెలో పెట్టి తెచ్చు కుళాయికి మరియొక చిక్కు కూడ కలదు. అర అంగుళపు బ్రిటిష్ చుట్టునకును అమెరికా చుట్టునకును అంగుళమునకు పదునాలుగు గాళ్లే. కాని గాడికోణము ఒకదానికి 55 డిగ్రీలు, రెండవదానికి 60. అందువలన మొదట చక్కగా ఎక్కినట్లే తోచి పిదప కారును. ఎంత టెఫ్లాన్ టేపు చుట్టినను ఆ దోషము మూలముగ తొలగదు.

గోడలకు టైల్సు వేయు అలవాటు బలపడి, గొట్టములు కన్సీల్డ్ అయి, ఇనుము స్థానమున సీపీవీసీ ప్లాస్టిక్ వచ్చిన తరువాతనే యాంగిల్ వాల్వు ప్రతియింటి వస్తువైనది. గొట్టము గోడలో మరుగుపడినపుడు అది బయటపడు ప్రతి చోటును ఒక సరిహద్దు. గోడకు ఎదురుగా వచ్చు మొగమునుండి, పైకి గాని క్రిందికి గాని పోవు కనెక్షన్ పైపునకు నీటిని మలపవలయును. వాల్వుయొక్క లంబకోణాకృతికి హేతువు ఇదియే. ఫ్లష్ ట్యాంకులోని ఫ్లోట్ చెడినపుడు ఆ ఒక్కదానిని ఆపి, మిగిలిన యింటికి నీరు పారనిచ్చు స్వాతంత్ర్యము దీనివలననే లభించినది. ఒక పనిముట్టు ఎంత గొప్పదో దాని వెల చెప్పజాలదు అనుటకు నాకు వెంటనే తోచు ఉదాహరణము ఇదే.

రకములు పెక్కు గలవు గాని భేదము ముఖ్యముగా కడుపులోనిది. వాషరుతో బిగియు పాతరకము పలుచుట్లు త్రిప్పవలసినది. ధారను కొంచెముగ తగ్గించి వాడుటకు అదియే తగినది. పావుచుట్టు రకమునందు మిక్కిలి నునుపుగా అరగదీసిన రెండు పింగాణి బిళ్లలు ఒకదానిపై నొకటి జారును. రోమనుల పావుచుట్టు ఇట్లు రెండువేల ఏండ్లకు కొత్త పదార్థముతో తిరిగివచ్చినది. బిళ్లలు అంత త్వరగా అరగవు. కాని ఇసుక నలుసు పడినచో గీతలు పడి కారును, కనుక జల్లెడ గల వాల్వును ఎన్నుకొనుట మేలు. ఫ్లష్ ట్యాంకునకును హెల్త్ ఫాసెట్‌కును ఒకే మొగమునుండి నీరిచ్చు టూ-ఇన్-వన్ రకము నేడు విరివిగా అమ్ముడగుచున్నది. దానిలో రెండు పిడులు వేరువేరుగా పనిచేయునవి మాత్రమే కొనదగినవి. తుప్పుపట్టని పీటీఎంటీ ప్లాస్టిక్ వాల్వులు చౌకయైనవే గాని, గీజరు వేడినీటికి వానిని వాడుట నా మనస్సునకు సమ్మతము కాదు.

పావుచుట్టుతోపాటు పాత శత్రువు కూడ తిరిగివచ్చెను. కప్పుట్యాంకు ఒత్తిడి స్వల్పమగుటచే జలఘాతము మన యిండ్లలో చిరకాలము వినబడలేదు. ఇప్పుడు షవరు ధారకై అపార్ట్‌మెంట్లలో ప్రెషర్ పంపులు పెట్టుచున్నారు. చటుక్కున మూసినపుడు గోడలో దబ్బుమను శబ్దము జుకోవ్‌స్కీ కొలిచిన దెబ్బయే. మెల్లగా మూయుట నేర్చుకొనవలెను. గీజరు విషయమున ఇంకను జాగ్రత్త వలయును: వేడెక్కిన నీరు వ్యాకోచించును గనుక, గీజరునకును దాని సేఫ్టీ వాల్వునకును నడుమ మూయదగినది ఏదియు ఉండరాదు.

బోరునీటి సంగతి వేరు. ఈ గ్రానైటు నేలలోని నీరు పెక్కుచోట్ల కఠినజలము. సున్నము పేరుకొని, ఏండ్ల తరబడి కదల్పని వాల్వు స్పిండిల్ బిగిసిపోవును. ఆపవలసిన దినమున ప్లంబరు బలముగా త్రిప్పగా వాల్వు మెడ విరిగి, గోడలోని చుట్టు పాడై, టైల్సు పగులగొట్టవలసి వచ్చును. రెండు మూడు నెలలకొకసారి ప్రతి వాల్వును మూసి తెరచినచో ఈ కీడు చాలవరకు తప్పును.

ఎర్రగడ్డ, బోరబండ, మోతీనగర్ ప్రాంతములలో పలు పోర్షన్లకు ఒకే ట్యాంకు గల అద్దెయిండ్లు ఎన్నో కలవు. అట్టిచోట కొందరు నిర్మాతలు కొద్ది రూపాయల ఆదా కోరి యాంగిల్ వాల్వులు లేకుండగనే కుళాయిలను, ఫ్లష్ ట్యాంకులను నేరుగా గొట్టమునకు బిగించుచున్నారు. ఒక వాటాలో వాషరు అరిగినచో నాలుగు కుటుంబములు నీరు లేక మరమ్మతు ముగియువరకు కాచుకొనవలసియుండును. పసిపిల్లలున్న యిల్లైనను, రోగియున్న యిల్లైనను సరియే. గండిపేటనుండి, మంజీరనుండి, నేడు కృష్ణా గోదావరులనుండి ఇంత వ్యయముతో తెచ్చిన నీటిని ఆఖరి జానెడులో ఇట్లు అడ్డగించుట అన్యాయమని నేను గట్టిగా భావింతును. ఇల్లు అద్దెకు తీసికొనువారు గదులను, కిటికీలను చూచునట్లే బేసిను క్రిందికి వంగి చూచి, వాల్వు లేనిచోట దానిని పెట్టింపుమని యజమానిని అడుగవలయును.