రిథమ్ అండ్ బ్లూస్

రిథమ్ అండ్ బ్లూస్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఆఫ్రికన్-అమెరికన్ సమాజంలో 1940వ దశకంలో రూపుదిద్దుకున్న జనరంజక సంగీత శైలి. దీనిని సంక్షిప్తంగా ఆర్ అండ్ బి అని వ్యవహరిస్తారు. బ్లూస్, జాజ్ సంగీతాలు, నల్లజాతి వారి చర్చిలలో పాడే గాస్పెల్ అనే భక్తి సంగీతం దీనికి మూలాలు. రాక్ అండ్ రోల్, సోల్, ఫంక్ మొదలైన శైలులు దీని నుండి ఉద్భవించాయి. పాడినవారు, రచించినవారు అధికంగా నల్లజాతి వారు కాగా, రికార్డులపై హక్కులు చాలావరకు కంపెనీల చేతిలో ఉండేవి. అందువలన ఈ సంగీతపు చరిత్రలో రాయల్టీల కొరకు, హక్కుల కొరకు జరిగిన పోరాటానికి ప్రముఖ స్థానం ఉంది.

పేరు

1920లో మేమీ స్మిత్ అనే గాయని ఓకే కంపెనీకి పాడిన "క్రేజీ బ్లూస్" విశేషంగా అమ్ముడుపోయింది. నల్లజాతి వారు కూడా రికార్డులు కొంటారని దీనితో కంపెనీలు గ్రహించాయి. వారి కొరకు విడుదల చేసే రికార్డులను "రేస్ రికార్డులు", అనగా జాతి రికార్డులు, అని పిలిచేవారు. సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ 1942లో "హార్లెం హిట్ పెరేడ్" పేరుతో ఈ పాటల జనాదరణ పట్టికను ప్రారంభించి, 1945లో దాని పేరులో "రేస్ రికార్డులు" అనే మాటను చేర్చింది. ఆ పత్రికలో పనిచేసిన జెర్రీ వెక్స్‌లర్ సూచించిన "రిథమ్ అండ్ బ్లూస్" అనే పేరు 1949 జూన్‌లో దాని స్థానంలోకి వచ్చింది. ఈ విధంగా ఒక వ్యాపార పట్టిక పేరే సంగీత శైలి పేరుగా స్థిరపడింది.

ఆవిర్భావం

ఇరవయ్యో శతాబ్దపు తొలి అర్ధభాగంలో దక్షిణాది రాష్ట్రాల నుండి లక్షలాది నల్లజాతి కుటుంబాలు షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ వంటి నగరాలకు వలస వెళ్ళాయి. పల్లెలలో గిటారుతో పాడుకునే బ్లూస్, నగరాలలో విద్యుత్ గిటారు, శాక్సోఫోను, పియానో, డ్రమ్ములతో కూడిన నృత్య సంగీతంగా మారింది. 1940వ దశకంలో లూయీ జోర్డాన్ తన చిన్న వాద్యబృందంతో ఈ మార్పుకు మార్గం చూపాడు.

రెండవ ప్రపంచయుద్ధం కూడా ఇందుకు దోహదం చేసింది. ఆ కాలపు గ్రామఫోను రికార్డుల తయారీకి ముఖ్యంగా భారతదేశం నుండి వచ్చే లక్క అవసరమయ్యేది. యుద్ధం వలన లక్క కొరత ఏర్పడటంతో పెద్ద కంపెనీలు నల్లజాతి సంగీతపు రికార్డులను తగ్గించివేశాయి. ఆ ఖాళీని కొద్దిపాటి పెట్టుబడితో మొదలైన చిన్న కంపెనీలు భర్తీ చేశాయి.

స్వతంత్ర రికార్డు కంపెనీలు

సిన్సినాటిలో సిడ్ నాథన్ 1943లో కింగ్ రికార్డ్స్‌ను స్థాపించాడు. న్యూయార్క్‌లో అహ్మెత్ ఎర్టెగన్, హెర్బ్ అబ్రామ్సన్ 1947లో అట్లాంటిక్ రికార్డ్స్‌ను ప్రారంభించారు. పోలండ్ నుండి వలస వచ్చిన లెనార్డ్, ఫిల్ చెస్ సోదరులు షికాగోలో తాము నడుపుతున్న కంపెనీకి 1950లో చెస్ రికార్డ్స్ అని పేరు పెట్టారు. నల్లజాతి యాజమాన్యంలోని కంపెనీలలో హ్యూస్టన్‌లోని డాన్ రోబీ నడిపిన పీకాక్, వివియన్ కార్టర్, జేమ్స్ బ్రాకెన్ 1953లో స్థాపించిన వీ-జే ముఖ్యమైనవి. వీ-జే 1963లో బీటిల్స్ పాటలను అమెరికాలో విడుదల చేసినప్పటికీ 1966లో దివాలా తీసింది.

నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్స్ యంత్రాలు, స్థానిక రేడియో కేంద్రాలు ఈ కంపెనీలకు ప్రధాన ప్రచార సాధనాలు.

ఆదాయ విధానం

ఒక పాట రికార్డుపై రెండు వేర్వేరు హక్కులు ఉంటాయి. మొదటిది పాట రచనపై హక్కు; దీని ఆదాయం రచయితకు, ప్రచురణకర్తకు చెందుతుంది. రెండవది ధ్వనిముద్రణపై హక్కు. ఇది సాధారణంగా కంపెనీ వద్ద ఉంటుంది, గాయకునికి అమ్మకాలలో కొంత శాతం రాయల్టీగా లభిస్తుంది. అయితే ముందుగా ఇచ్చిన సొమ్మును, స్టూడియో ఖర్చులను ఆ రాయల్టీ నుండే మినహాయించుకునేవారు. ఆ కారణంగా రికార్డు బాగా అమ్ముడుపోయినా, లెక్కలలో గాయకుడు కంపెనీకి బాకీ ఉన్నట్లు తేలేది.

ప్రచురణ హక్కులను కూడా కంపెనీ యజమానులే తమ అనుబంధ సంస్థల పేరిట పొందేవారు. చెస్ సోదరులకు భాగస్వామ్యం గల ఆర్క్ మ్యూజిక్ సంస్థపై రచయితలైన మడ్డీ వాటర్స్, విల్లీ డిక్సన్ 1970వ దశకంలో దావా వేశారు. పాట రాయనివారి పేర్లు రచయితలుగా నమోదు కావటం కూడా ఉండేది. చక్ బెర్రీ 1955లో పాడిన "మేబెలీన్" పాటకు రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్, రస్ ఫ్రాటో అనే మరొక వ్యక్తి సహరచయితలుగా నమోదయ్యారు. బెర్రీకి పూర్తి హక్కు 1986లో గాని తిరిగి లభించలేదు.

కవర్ రికార్డులు

ఒకరు పాడిన పాటను మరొకరు మళ్ళీ పాడి విడుదల చేస్తే దానిని కవర్ రికార్డు అంటారు. 1950వ దశకంలో నల్లజాతి కళాకారుల పాటలను శ్వేతజాతి గాయకులతో పాడించి, అధిక అమ్మకాలు గల ప్రధాన విపణిలో విడుదల చేయటం పరిపాటి అయ్యింది. లవర్న్ బేకర్ పాడిన "ట్వీడిల్ డీ" పాటను 1955లో జార్జియా గిబ్స్ దాదాపు అదే వాద్య కూర్పుతో పాడగా, గిబ్స్ రికార్డే ఎక్కువగా అమ్ముడుపోయింది. వాద్య కూర్పుకు చట్టరక్షణ లేకపోవటంతో, కాపీరైటు చట్టాన్ని మార్చవలసిందిగా బేకర్ కాంగ్రెస్ సభ్యుడు ఛార్లెస్ డిగ్స్‌ను కోరింది. చట్టం మాత్రం మారలేదు.

కవర్ రికార్డు వలన పాట రచయితకు ఆదాయం వచ్చేది, మొదట పాడినవారికి వచ్చేది కాదు. "ఎయింట్ దట్ ఎ షేమ్" పాటను 1955లో ప్యాట్ బూన్ పాడి ప్రథమ స్థానం పొందినప్పుడు, ఆ పాట రచయితలలో ఒకడైనందున ఫాట్స్ డామినోకు రచయిత వాటా దక్కింది. "హౌండ్ డాగ్" పాటను 1953లో విజయవంతం చేసిన బిగ్ మామా థార్న్‌టన్, తనకు దానిపై 500 డాలర్లు మాత్రమే ముట్టాయని తరువాత చెప్పింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన అదే పాట లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది.

రేడియో, పేయోలా

రికార్డులను ప్రసారం చేయుటకు రేడియో వ్యాఖ్యాతలకు రహస్యంగా సొమ్ము ఇవ్వటాన్ని పేయోలా అంటారు. 1959-60లో అమెరికా కాంగ్రెస్ దీనిపై విచారణ జరిపింది. 1960లో వెల్లడించని చెల్లింపులను నిషేధిస్తూ చట్టాన్ని సవరించారు. రిథమ్ అండ్ బ్లూస్‌ను శ్వేతజాతి యువతకు చేరువ చేసిన అలన్ ఫ్రీడ్ 1962లో వ్యాపార లంచం నేరాన్ని అంగీకరించాడు.

కళాకారుల స్వంత హక్కులు

ఈ పరిస్థితిని గమనించిన కొందరు కళాకారులు హక్కులను తమ చేతిలోకి తీసుకున్నారు. రే ఛార్లెస్ 1959లో అట్లాంటిక్‌ను విడిచి ఏబీసీ-పారమౌంట్‌లో చేరుతూ, మాస్టర్లు అని పిలిచే మూల ధ్వనిముద్రణలపై యాజమాన్యాన్ని ఒప్పందంలో పొందాడు. శామ్ కుక్ స్వంత ప్రచురణ సంస్థను, రికార్డు కంపెనీని నడిపాడు. కింగ్ రికార్డ్స్ నిరాకరించటంతో జేమ్స్ బ్రౌన్ 1962లో అపోలో థియేటర్ కచేరీని స్వంత ఖర్చుతో రికార్డు చేయించాడు. 1963లో విడుదలైన ఆ ఆల్బం ఘనవిజయం సాధించింది.

డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ తన కుటుంబం నుండి 800 డాలర్లు అప్పు తీసుకొని 1959లో ప్రారంభించిన కంపెనీయే మోటౌన్ అయ్యింది. దీనిని 1988లో 6 కోట్ల 10 లక్షల డాలర్లకు విక్రయించారు.

స్టాక్స్ ఉదంతం

మెంఫిస్ నగరంలో జిమ్ స్టూవర్ట్, ఆయన సోదరి ఎస్టెల్ ఆక్స్‌టన్ నడిపిన స్టాక్స్ రికార్డ్స్ సోల్ సంగీతానికి ముఖ్య కేంద్రం. దీని రికార్డులను అట్లాంటిక్ పంపిణీ చేసేది. 1967లో అట్లాంటిక్‌ను వార్నర్ బ్రదర్స్-సెవెన్ ఆర్ట్స్ కొనుగోలు చేసింది. 1965నాటి పంపిణీ ఒప్పందం ప్రకారం, అట్లాంటిక్ పంపిణీ చేసిన రికార్డుల మాస్టర్లన్నీ ఆ కంపెనీకే చెందుతాయని స్టూవర్ట్‌కు అప్పుడు తెలిసింది. 1967 డిసెంబరు 10న విమాన ప్రమాదంలో మరణించిన ఓటిస్ రెడ్డింగ్ పాటలు కూడా వాటిలో ఉన్నాయి. 1968లో స్టాక్స్ తన పాత పాటలు లేకుండా వ్యాపారాన్ని మళ్ళీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆల్ బెల్ నాయకత్వంలో కొంతకాలం పుంజుకున్నప్పటికీ 1975లో దివాలా తీసింది. ఆ కంపెనీ ఉన్న స్థలంలో 2003లో ఒక ప్రదర్శనశాలను ప్రారంభించారు.

రూత్ బ్రౌన్ పోరాటం

అట్లాంటిక్ రికార్డ్స్‌ను "రూత్ కట్టిన ఇల్లు" అని పిలిచేవారు. 1950లో "టియర్‌డ్రాప్స్ ఫ్రం మై ఐస్" పాటతో మొదలుకొని రూత్ బ్రౌన్ పాడిన అనేక పాటలు ఆర్ అండ్ బి పట్టికలో ప్రథమ స్థానం పొందాయి. కంపెనీని విడిచిన తరువాత ఆమె ఇళ్ళలో పనిమనిషిగా, బస్సు డ్రైవరుగా పనిచేసి పిల్లలను పోషించింది. తన పాత రికార్డులు ఇంకా అమ్ముడుపోతున్నా రాయల్టీ రాకపోవటంతో, 1980వ దశకంలో న్యాయవాది హోవెల్ బీగల్ సహాయంతో ఆమె కంపెనీని నిలదీసింది. చివరకు 1988లో అట్లాంటిక్ ఆమెతో పాటు ఆ కాలపు మరికొందరు కళాకారుల పాత బాకీలను రద్దు చేసి, రాయల్టీలు చెల్లించుటకు అంగీకరించింది. వృద్ధ కళాకారులకు తోడ్పడే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ స్థాపనకు కూడా నిధులు సమకూర్చింది. 1989లో బ్రౌన్ రంగస్థల నటనకు టోనీ పురస్కారం అందుకొంది. ఆమె 2006లో మరణించింది.

తరువాతి కాలం

బిల్‌బోర్డ్ పట్టిక పేరు 1969లో "సోల్" గా, 1982లో "బ్లాక్" గా, 1990లో మళ్ళీ "ఆర్ అండ్ బి" గా, 1999లో "ఆర్ అండ్ బి/హిప్-హాప్" గా మారింది. నేడు ఆర్ అండ్ బి అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు, హిప్-హాప్ లయలతో కూడిన శైలి అనే అర్థం ఎక్కువగా వాడుకలో ఉంది.

అమెరికా సమాఖ్య కాపీరైటు చట్టం 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన ధ్వనిముద్రణలకు చాలాకాలం వర్తించలేదు. అందుచేత తొలితరం రిథమ్ అండ్ బ్లూస్ పాటలను ప్రసారం చేసే డిజిటల్ రేడియో సేవలు అనేక సందర్భాలలో వాటి కళాకారులకు చెల్లింపులు జరిపేవి కావు. 2018నాటి సంగీత ఆధునికీకరణ చట్టం ఆ పాత ధ్వనిముద్రణలకు కూడా డిజిటల్ రాయల్టీలను కల్పించింది. అప్పటికి ఆ పాటలు పాడినవారిలో చాలామంది జీవించి లేరు.