కాన్‌స్టాన్షియా ద్రాక్షతోట

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరము చెంత, కొండల వాలున, గ్రూట్ కాన్‌స్టాన్షియా అను పురాతనమైన ద్రాక్షతోట కలదు. అంత దూరపు తోటతో మనకేమి పని యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. మన తీరమునకు దానితో నొక పాత సంబంధము కలదు. దానినే యిచట చెప్పదలచితిమి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1652లో కేప్‌నందు స్థావరము నెలకొల్పెను. తూర్పుదేశములకు పోవు ఓడలకు మంచినీరు, కూరగాయలు, మాంసము సమకూర్చుటయే దాని తొలి ప్రయోజనము. 1659లో అచ్చట మొదటిసారిగా ద్రాక్షాసవము తీసిరి. 1685లో సైమన్ వాన్ డర్ స్టెల్ అను అధికారి యీ భూమిని పొంది తోట వేయించెను. 1712లో మరణించు నాటికి నచ్చటనే యుండెను. ఆయన మాతామహి మోనికా, బానిసయై యుండి విముక్తి నొందిన భారతీయ స్త్రీ. ఆ బానిస వంశమున బుట్టిన దొర తన తోటను బానిసలచేతనే సాగుచేయించెను!

1778లో హెండ్రిక్ క్లూటె యీ తోటను కొనిన పిమ్మట దాని పేరు దేశదేశముల మారుమ్రోగెను. పండ్లను తీగమీదనే వడలనిచ్చి, చిక్కబడిన రసముతో చేసిన తీయని యాసవము ఐరోపా రాజగృహములకు పోయెను. సెయింట్ హెలీనా దీవిలో బందీయైన నెపోలియనునకు సైతము అది చేరుచుండెడిది.

ఈ కీర్తి యెవరి చెమటతో పెరిగినది? కేప్‌నకు బానిసలను మడగాస్కరు, మొజాంబిక్, ఇండోనీషియా దీవులనుండియు, మలబారు, వంగ, కోరమాండల్ తీరములనుండియు తెచ్చిరి. పులికాటు, మచిలీపట్టణము, భీమునిపట్టణములందు డచ్చివారి వర్తకశాలలుండిన కాలమది. పదునేడవ శతాబ్దపు కరవులలో మన తీరమున తిండిలేక తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొనిన వారిని కంపెనీ ఓడలు సముద్రములు దాటించినవి. కేప్ దస్తావేజులలో అట్టివారికి ఇంటిపేరు లేదు. యజమానులు పెట్టిన పేరు, దాని ప్రక్కన 'కోరమాండల్' అనియో 'బెంగాల్' అనియో ఒక్క మాట, అంతే. వారిలో తెలుగు మాటాడినవారెందరో ఆ యొక్క మాటవలన మనకు తెలియదు.

1834లో బ్రిటిషు చట్టము బానిసత్వమును రద్దుచేసెను. కాని యజమానులవద్ద మరి నాలుగేండ్లు నిర్బంధముగా పనిచేసిన పిదపనే, 1838లో, వారికి నిజమైన స్వేచ్ఛ లభించెను. 1859లో బూజు తెగులు తోటలను క్రుంగదీసెను. 1885లో కేప్ ప్రభుత్వము కాన్‌స్టాన్షియాను కొనెను. 1925లో అగ్నికి ఆహుతియైన పెద్దమేడను మరల నిర్మించిరి. నేడది ప్రదర్శనశాల, బానిసల జీవితమును గూర్చియు నచ్చట చెప్పుచున్నారు.

మేడ కట్టించినవాని పేరు అందరెరుగుదురు. తీగలకు పాదులు త్రవ్విన చేతులను గూడ స్మరించినప్పుడే యా తోట చరిత్ర పూర్తియగును.