పడకగది దాకా వచ్చిన వాదన

2008 మార్చి 18, మంగళవారం. వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు. లోపల చోటు దొరకాలని రాత్రంతా బయట పడిగాపులు పడ్డవాళ్లలో కొద్దిమందే ఈ హాల్లోకి రాగలిగారు. పాలరాతి స్తంభాల మధ్య ఎర్రటి తెరలు. లాయర్ల బల్లల మీద తెల్లటి ఈక కలాలు. కెమెరాలు లేవు. వెనక వరుసలో మీరు ఇరుక్కుని కూర్చోగానే తొమ్మిదిమంది న్యాయమూర్తులూ వస్తారు.

కేసు వేసింది డిక్ హెల్లర్. పిస్తోలు పెట్టుకుని ప్రభుత్వ భవనానికి కాపలా కాయడం ఆయన ఉద్యోగం. ఇంటికి మాత్రం ఉత్త చేతులతో వెళ్లాలి. 1976 నాటి నగర చట్టం ప్రకారం ఇంట్లోకి కొత్తగా పిస్తోలు తెచ్చుకోవడానికి లేదు. రైఫిలైతే విడదీసి పెట్టాలి, లేదా ట్రిగ్గర్‌కు తాళం వేయాలి.

1791లో రాజ్యాంగంలో చేరిన రెండో సవరణ ఇంగ్లీషులో 27 మాటలు. మొదట పౌరసైన్యం ప్రస్తావన, తర్వాత ఆయుధాల మీద ప్రజల హక్కు. ఆ హక్కు పౌరసైన్యం కోసమేనా, మనిషి మనిషికీ ఉన్నదా? నగరం తరఫున వాల్టర్ డెల్లింజర్ లేచి, పౌరసైన్యం కోసమే అంటారు. ఆయన్ను ఎంతోసేపు సాగనివ్వరు. అటో ఇటో తేల్చే ఓటు చేతిలో ఉన్న జస్టిస్ కెన్నెడీ అడవిలో ఒంటరిగా కాపురమున్న వలసదారుణ్ణి ముందుకు తెస్తారు. తోడేళ్లు, ఎలుగుబంట్లు, దొంగలు, దాడిచేసే ఆదివాసీ తెగల నుంచి అతను ఇల్లు కాపాడుకోవద్దా? (ఆ నేల అంతకుముందు ఆ తెగలదే.) ఈ మాట వినగానే గాలి ఎటు వీస్తోందో మీకు అర్థమైపోతుంది.

హెల్లర్ లాయరు అలన్ గ్యూరా వంతు వస్తుంది. జస్టిస్ బ్రెయర్ ముందుకు వంగి లెక్క చెబుతారు: తుపాకుల వల్ల దేశంలో ఏటా 80 వేల నుంచి లక్షమంది చనిపోవడమో గాయపడడమో జరుగుతోంది. నేరాలు పెచ్చుపెరిగిన నగరం పిస్తోలు వద్దనడం తప్పా? జనం మామూలుగా వాడే ఆయుధాన్ని పూర్తిగా నిషేధించడం కుదరదన్నది గ్యూరా వాదన.

చివర్లో డెల్లింజర్ మళ్లీ లేస్తారు. ట్రిగ్గర్ తాళానికి మూడంకెల కోడ్ ఉంటుందనీ, తాను మూడు సెకన్లలో తీశాననీ చెబుతారు. అయితే ముందు మంచం పక్కన దీపం వేసుకోవాలి కదా, అంటారు జస్టిస్ స్కాలియా. కళ్లజోడు కూడా వెతుక్కోవాలి, అని ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అందుకుంటారు. హాలంతా నవ్వు.

నా ఉద్దేశంలో నగరం ఓడింది ఆ నవ్వులోనే. చీకటి పడకగది అనగానే అందరికీ దొంగే కనిపించాడు. తుపాకి ఉన్న సొరుగు లాగే చిన్నపిల్లాడు గానీ, బతుకు మీద విరక్తి పుట్టిన కొడుకు గానీ ఆ గదిలోకి రాలేదు. వాళ్లు బ్రెయర్ లెక్కలో అంకెలుగా మిగిలిపోయారు.

జూన్ 26న తీర్పు వచ్చింది. 5-4 ఆధిక్యంతో అది వ్యక్తిగత హక్కని తేల్చిన తీర్పును స్కాలియా రాశారు. అయితే దానికి హద్దులున్నాయనీ అందులోనే చెప్పారు. 2022లో ఇదే కోర్టు బ్రూయెన్ కేసులో ఆ హక్కును ఇల్లు దాటించి వీధిలోకి తెచ్చింది. బ్రెయర్ తన అసమ్మతి తీర్పును మళ్లీ లెక్కతోనే మొదలుపెట్టారు: 2020లో తుపాకులకు చనిపోయినవారు 45,222 మంది. ఆ అంకెలకూ ఈ కేసుకూ ఏం సంబంధమని జస్టిస్ అలిటో విడిగా రాసి మరీ ప్రశ్నించారు. సంబంధం ఉంది. అమెరికాలో చదువుకుంటూ దుకాణాల్లో, గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తున్న మన పిల్లల్లో కొందరు ఆ కౌంటర్ల దగ్గరే కాల్పులకు బలయ్యారు.