మత్తు డాక్టరుకి సూది

2020 మే 16. విశాఖ అక్కయ్యపాలెం దగ్గర హైవే. లాక్‌డౌన్ రోజులు, నడివేసవి. తారు సెగలు కక్కుతోంది. ఒంటి మీద చొక్కా లేని మనిషి అరుస్తున్నాడు. పోలీసులు మీదపడ్డారు. చేతులు వెనక్కి విరిచారు. తాడు బిగించారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. తాగి గొడవ చేస్తున్నాడని పోలీసుల మాట. ఇంతకీ ఎవరీ మనిషి?

డాక్టర్ సుధాకర్. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు. ఏప్రిల్‌లో, మాస్కులు చాలడం లేదని కెమెరాల ముందే అడిగేశారు. సస్పెండయ్యారు. ఇప్పుడు రోడ్డు మీద ఇలా.

ఆటోలోకి తోశారు, అక్కణ్నుంచి స్టేషన్, స్టేషన్ నుంచి కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్), కేజీహెచ్ నుంచి చినవాల్తేరు మానసిక వైద్యశాల, అంటే ఇచ్ఛాపురం మొదలు భోగాపురం దాకా ఎవరింట్లో మతి చెదిరినా ఇదే హైవే పట్టుకుని, ఆశా భయం రెండూ మూటగట్టుకుని చేరే గేటు ముందుకే ఆయన్నీ తెచ్చారు. వైద్యులు రాసింది: అక్యూట్ అండ్ ట్రాన్సియెంట్ సైకోసిస్. హఠాత్తుగా వచ్చేది, కొన్నాళ్లకి తగ్గేది. గేటు మూసుకుంది.

తెరిచే హక్కు ఎవరిది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన నిర్ణయం తాను తీసుకోగల రోగి వెళ్తానంటే పంపాలి. తీసుకోలేని స్థితిలో ఉంటే, చేర్చుకోమని అతని ప్రతినిధి అడగాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. అప్పుడైనా మొదటి గడువు 30 రోజులే. కాగితం మీద అంతా స్పష్టమే.

వార్డులో మాత్రం కాదు. ఏ మందు ఒంటిని ఏం చేస్తుందో తెలిసిన రోగి ఆయన. నేను బాగానే ఉన్నాను, మీ మందులే నాకు పడటం లేదని సూపరింటెండెంటుకే ఉత్తరం రాశారు. జబ్బు మాట్లాడుతోందా, డాక్టరు మాట్లాడుతున్నారా?

ఈలోగా రోడ్డు మీది వీడియో హైకోర్టుకి చేరింది. టీడీపీ నేత వంగలపూడి అనిత రాసిన లేఖనే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. మేజిస్ట్రేటు ఆస్పత్రికొచ్చి వాంగ్మూలం రాసుకున్నారు. అందులోని గాయాలకీ ప్రభుత్వ నివేదికలోని గాయాలకీ పొంతన లేదు. దర్యాప్తు చేయమని మే 22న సీబీఐకి ఆదేశం వెళ్లింది. డాక్టరు మాత్రం ఇంకా వార్డులోనే.

కొడుకుని అప్పగించమని తల్లి హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. ఆయన కస్టడీలో లేరు కదా, వెళ్లొచ్చు అంది కోర్టు, జూన్ మొదటి వారంలో. కస్టడీ కాకపోతే ఇన్నాళ్లూ అది ఏమిటో!

ఇంటికెళ్లారు. ఏడాది తిరక్కుండానే, 2021 మే 21న, గుండె ఆగింది.