పేరయ్య వెదికిన నెమ్మది

ఒంగోలు క్రైస్తవ చరిత్రను చాలామంది 1878 నుంచి మొదలుపెడతారు. ఆ ఏడాది జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువొచ్చింది, గంజి కోసం మతం మారారని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళున్నారు. ఆ మాట ఎర్రగుంట్ల పేరయ్యకు తీరని అన్యాయం చేస్తుంది. కరువుకు పదేళ్ళ ముందే, ఎవరూ గంజి పోయకుండానే ఆయన ఆ దారి పట్టాడు.

పేరయ్య మాదిగ. ఒంగోలుకు దాదాపు 40 మైళ్ళ దూరంలోని పల్లె ఆయనది. చెప్పులు కుట్టడం, మోటబావులకు తోలు బానలు చేయడం, చచ్చిన గొడ్డును ఈడ్చుకెళ్ళడం, జాతరలో డప్పు కొట్టడం ఊరు ఆ కులం నెత్తిన పెట్టిన పనులు. గుడి గడప తొక్కనిచ్చేవారు కాదు.

అయినా ఆ వాడల్లో రాజయోగం ఉండేది. గురువు దగ్గర ఉపదేశం పొంది, ఊపిరి బిగబట్టి, దేవుణ్ణి తమలోనే వెదుక్కునేవారు. విగ్రహం అక్కర్లేదు కనుక పూజారితోనూ పనిలేదు. పేరయ్య ఆ సాధనలో ఆరితేరి తానే గురువయ్యాడు, శిష్యులను సంపాదించుకున్నాడు. వెదకడం మాత్రం మానలేదు.

తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట చెవిన పడింది. 1866లో ఆయన, భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. ఇంటికొచ్చి, శిష్యులకు కొత్త కబురు చెప్పాడు. 1867 జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల జనం చింతతోపులో దిగి ఉన్నారు. రోజుల తరబడి ఉండటానికి వంట సామాను కూడా తెచ్చుకున్నారు. అప్పుడు 28 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ నెల మొదటి తేదీన ఒంగోలులో ఏర్పడిన సంఘంలో ఉన్నది ఎనిమిది మందే!

దొరికిన నెమ్మదికి వాళ్ళు వెల చెల్లించారు. ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరకు డప్పు కొట్టేది లేదన్నారు. ఊరి పెద్దలు మండిపడ్డారు. కొన్నిచోట్ల బావుల్లో నీళ్ళు తోడుకోనివ్వలేదు, అంగట్లో వాళ్ళకు సరుకు అమ్మనివ్వలేదు. ముక్కు మూసుకుని మూల కూర్చునే శాంతి కాదది. లోపల కుదుటపడ్డ మనిషి వెన్ను నిటారుగా పెట్టి నిలబడటం, బతుకులో మొదటిసారి 'చేయను' అనగలగడం.

1876లో కరువు ముంచుకొచ్చింది. కుర్రతనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించాడు. సాయం ఆశించి వచ్చారన్న మాట రాకూడదని, ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. ఈ సంగతి గంజి కథ చెప్పేవాళ్ళకు గుర్తుండదు. చివరికి 1878 జులై 3న వెల్లంపల్లిలో బాప్తిస్మాలు జరిగినప్పుడూ ఆయన నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా బాప్తిస్మమిచ్చారు.

ముసలి బోధకుల నోటి నుంచి వారి కథలు విని, క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో పుస్తకంగా తెచ్చింది. దాని పేరు చెప్పులు కుట్టే పని మీదే పెట్టింది. యోగం చేసిన రోజులనూ అందులో గౌరవంగానే రాసింది.