చెప్పిన ధర, తీసుకున్న ధర

మన ఏజెన్సీ చరిత్ర అనగానే పితూరీలు చెబుతారు, భూముల తగాదాలు చెబుతారు, అడవి చట్టాలు చెబుతారు. అవన్నీ నిజమే. కానీ వాటన్నిటి అడుగున ప్రతి వారం జరిగిన ఒక చిన్న తగాదా ఉంది. చెప్పిన ధర ఒకటి, తీసుకున్న ధర ఇంకొకటి. సంతలో తట్ట దించిన ప్రతి అమ్మకీ, కావిడి మోసిన ప్రతి అయ్యకీ ఇది తెలుసు. పుస్తకాల్లో మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. ఇప్పుడు పట్నంలో పెద్ద దుకాణాలొచ్చి, అరమీద ఒక ధర అంటించి బిల్లులో ఇంకో ధర వేస్తుంటే, ఇదేదో కొత్త మోసం అన్నట్టు పేపర్లలో రాస్తున్నారు. మనకి కొత్త కాదు. అందుకే మొదటి నుంచి చెప్పుకుందాం.

డబ్బు తక్కువగా తిరిగే రోజుల్లో ధర అంకెలో ఉండేది కాదు, కొలతలో ఉండేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఈ లెక్క మన పెద్దలకి బడి లేకుండానే వచ్చు. లెక్క రాక మోసపోయారని మైదానం వాళ్ళు అంటూ ఉంటారు. ఆ మాట మేము ఒప్పుకోం. మోసం కుంచంలో ఉండేది. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఇంకో కుంచం. మన కందులు, చోళ్ళు కొలిచేటప్పుడు శిగ పోసి కొలిచేవారు. మనకి ఉప్పు కొలిచేటప్పుడు చేత్తో తల కొట్టి కొలిచేవారు. మొదటి కొలతని ఒకటి అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టడం తెలుగు నేల మీద అంతటా ఉన్న ఆచారమే. అయితే ఆ లాభం ఎవరిదో మా తాతలు నవ్వుతూ అడిగేవారు. కొలుస్తూ కొలుస్తూ షావుకారు ఊరి సంగతులు అడిగేవాడట. జవాబు చెప్పేలోగా అయిదో కుంచం మళ్ళీ నాలుగో కుంచమైపోయేది.

ఉప్పు సంగతి వేరుగా చెప్పాలి. అడవిలో తిండి దొరుకుతుంది, ఉప్పు దొరకదు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ, ఈ మూడింటి కోసం కొండ దిగక తప్పదు. అమ్మేవాడికి తొందర లేదు, కొనేవాడికి పొద్దుగూకేలోగా కొండెక్కాలి. బేరం అక్కడే తేలిపోయేది. చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు, నరమామిడి చెక్క, పిప్పళ్ళు, ఇప్పపిక్కలు ఏం తెచ్చినా తిరిగి మోసుకెళ్ళలేరు కదా. సరే అనేవారు.

దీనికి అప్పు తోడైంది. వానాకాలంలో గింజలు నాముకి తెచ్చుకుని పంట మీద ఒకటికి ఒకటిన్నర కొలవడం. అప్పున్నవాడు వేరే షావుకారు దగ్గరికి సరుకు తీసుకెళ్ళకూడదు. అంటే ధర అడిగే హక్కే పోయింది. బ్రిటిషు కోర్టులొచ్చాక ఈ నోటి లెక్కలకి కాగితం బలం దొరికింది. 1879 రంప పితూరీకి చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం, పోలీసుల పీడన కారణాలని అందరూ రాస్తారు. వాటితో పాటు ఇంకొకటుంది. కింది నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్ళ చేత ఒప్పందాలు రాయించుకుని, దూరంగా ఉన్న కోర్టుల్లో ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకునేవారు. కొద్ది రూపాయల బాకీకి దానికి ఎన్నో రెట్ల విలువైన పశువుల్ని, సరుకుని తోలుకుపోయేవారు. ఇది ఆనాటి ప్రభుత్వమే విచారించి ఒప్పుకున్న సంగతి. కాగితంలో ఉన్న ధర ఏమిటో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. అక్కడ చదువు లేకపోవడం నిజంగా దెబ్బ కొట్టింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 1917లో, మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటకూడదు, చక్రవడ్డీ వేయకూడదు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు అన్నారు. మంచి మాటలే. కానీ కుంచం గురించి ఒక్క మాట లేదు. వడ్డీ తగ్గించమంటే షావుకారుకి పోయిందేమీ లేదు, కొలతలో తీసుకునేవాడు.

గోదావరి అవతల నైజాం రాజ్యంలో కూడా ఇదే కథ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ చనిపోయాక, గోండుల స్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన కృషితో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళం కాబట్టి మాకు ఆ సంగతి మీద ప్రత్యేకమైన ఇష్టం. ఆ బడులు ఉద్యోగాల కోసం పెట్టినవి కావు. రసీదు చదవగలిగిన మనిషి ఊరికొకడైనా ఉంటే పట్వారీ, షావుకారు కాస్త జాగ్రత్తగా ఉంటారన్న ఆలోచన వాటి వెనక ఉంది.

మా ఉత్తర ఏజెన్సీలో, పార్వతీపురం, పాలకొండ కొండల్లో, సవరలు, జాతాపులు 1950ల చివర గిరిజన సంఘంగా కూడారు. వారితో నిలబడినవాళ్ళలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. సంఘం అడిగినవాటిలో భూమి, కూలి, వెట్టి రద్దు, అడవి మీద హక్కు ఉన్నాయి. వాటి పక్కనే అటవీ సరుకుకి న్యాయమైన ధర కూడా ఉంది. సంఘం బలపడిన ఊళ్ళలో ముందు మారింది సంత. నాలుగు ఊళ్ళవాళ్ళు కలిసి దిగితే కుంచం తల దానంతటదే సరిగ్గా ఉండేదని ముసలివాళ్ళు చెప్పగా విన్నాం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత జరిగింది అందరికీ తెలిసిన చరిత్ర, ఇక్కడ మళ్ళీ చెప్పం. న్యాయమైన ధర అడిగిన మనుషుల పేర్లు ఎత్తేటప్పుడు ఆ ఇద్దర్నీ తలచుకోకుండా ముందుకు పోవడం మాకు చేతకాదు.

ఈలోగా రెండు మార్పులు వచ్చాయి. మొదటిది 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడటం. మన సరుకు కొనడం, మనకి కావలసిన బియ్యం, ఉప్పు, కిరసనాయిలు డి.ఆర్. డిపోల్లో అమ్మడం దాని పని. 1979 నాటి రెగ్యులేషన్‌తో షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు దానికే దక్కింది. డిపో గోడ మీద బోర్డు, బోర్డు మీద ధర, అదీ తెలుగులో. ఇది చిన్న విషయం కాదు. మొదటిసారి మన సరుకు ధర మనం గోడ మీద చూశాం. తగాదా మాత్రం పోలేదు, చోటు మార్చుకుంది. బోర్డు మీద ఉన్నది మొదటి రకం ధర. తట్ట దించాక ‘ఇది రెండో రకం’ అంటారు. గింజ తీయలేదంటారు, తేమ ఉందంటారు, తరుగు తీస్తారు. కొన్నిసార్లు నిజంగానే తేమ ఉంటుంది, అదీ చెప్పాలి. కానీ రకం నిర్ణయించేది ఎప్పుడూ కొనేవాడే. అమ్మేవాళ్ళు నిర్ణయించిన రోజు మేమెరగం.

రెండోది కిలో. 1956 చట్టం కింద 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు మొదలై, 1960ల మొదట్లో దేశమంతా తప్పనిసరి అయ్యాయి. మన సంతల్లో వీశెలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. వీశె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు కిలో 400 గ్రాములు. ఇంతకీ జరిగిందేమిటంటే, పట్నంలో కిలో ధర విని వచ్చిన షావుకారు ఆ ధరకే వీశె తూచుకునేవాడు. వీశెకి 400 గ్రాములు ఊరికే పోయేవి. ప్రభుత్వం మోసం తగ్గించడానికి తెచ్చిన మార్పు, రెండు లెక్కలూ కలిసి నడిచినన్నాళ్ళూ, మోసానికే అక్కరకొచ్చింది.

ఇక ప్యాకెట్ల కాలం. 1977లో ప్యాకెట్ సరుకుల నియమాలు వచ్చాయి. 1990 నుంచి అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర, అదే మనం ఎం.ఆర్.పి. అంటున్నది, ప్యాకెట్ మీద అచ్చు వేయాల్సి వచ్చింది. ఇప్పుడున్నది 2009 నాటి తూనికలు కొలతల చట్టం, 2011 నియమాలు. అచ్చు వేసిన ధర మీద ఎక్కువ ధర స్టిక్కరు అంటించకూడదు. తగ్గించడానికి అంటించవచ్చు కానీ పాత ధర కనబడాలి. కొండ మీద దుకాణంలో సబ్బుకి, చల్లటి సీసాకి రెండు మూడు రూపాయలు ఎక్కువ తీసుకుని ‘బండి చార్జీ’ అంటారు. ఆ చార్జీకి చట్టంలో చోటు లేదు. ఎం.ఆర్.పి. లోనే అన్నీ ఉన్నాయి.

ఎం.ఆర్.పి. కి ఒక లోపం ఉంది. అది పైకప్పు మాత్రమే. దాని కింద దుకాణదారు ఏ ధర బోర్డు పెట్టినా, ఏ ధర బిల్లు వేసినా ఆ నియమం తప్పినట్టు కాదు. పట్నం పెద్ద దుకాణాల తగాదాలన్నీ ఈ సందులో పుట్టినవే.

ఒక ఉదాహరణ చెబుతాం. ఏజెన్సీ ఉపాధ్యాయులం కొందరం శిక్షణ తరగతులకి కింద పట్నానికి వెళ్ళినప్పుడు, చలికాలం వస్తోందని పిల్లలకి ఎనిమిది దుప్పట్లు కొన్నాం. చీటీ మీద ఎం.ఆర్.పి. 599. ఆ దొంతర మీద వేలాడుతున్న బోర్డులో 249. బిల్లులో 349. అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు ‘ఆ బోర్డు పక్క వరసది, మీరు సరిగా చదవలేదు’ అన్నాడు. రోజూ పిల్లలకి చదువు చెప్పేవాళ్ళతో అన్న మాట ఇది. మాలో మేము సవర భాషలో మాట్లాడుకుంటుంటే వెనక ఎవరో నవ్వారు. మా దగ్గర ఆ బోర్డు ఫోటో ఉంది, అందులో దుప్పటి పేరు కూడా ఉంది. చివరికి మేనేజరు వచ్చి ఎనిమిది వందలు తిరిగిచ్చాడు. ఆఫరు నిన్నటితో అయిపోయిందని, బోర్డు తీయడం మరిచారని అన్నాడు. బిల్లు మార్చి ఇవ్వలేదు, బోర్డూ తీయలేదు. మా వెనకే అదే దుప్పటి ఒకటి కొన్న పల్లెటూరి ఆమె బయటికి వచ్చింది. ‘అక్కా, నీకు నూరు రూపాయలు రావాలి, వెనక్కి వెళ్ళి అడుగు’ అన్నాం. ‘బస్సు పోద్ది బాబూ’ అని వెళ్ళిపోయింది. కొండెక్కాలన్న తొందర మీద వ్యాపారం నడవడం అంటే ఇదే. ఉప్పు కాలం నుంచి ఇప్పటికీ మారలేదు.

చట్టం ఏమంటుందో తెలుసుకుని ఉండటం మంచిది. 1986 వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం రెండూ సరుకు మీద గానీ ప్యాకెట్ మీద గానీ చూపిన ధర కన్నా ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదు చేయవచ్చంటాయి. ఇద్దరి మధ్య ఒప్పుకున్న ధర కన్నా ఎక్కువ తీసుకున్నా అంతే. తక్కువ ధర అని ప్రకటించి ఆ ధరకి అమ్మే ఉద్దేశం లేకపోతే అది అన్యాయ వ్యాపార పద్ధతి. తగ్గింపు ప్రకటించి, తగ్గించిన ధర మీద మళ్ళీ వ్యాట్ కలిపిన దుకాణాల వాదనని 2017లో జాతీయ కమిషన్ తోసిపుచ్చింది. ఎం.ఆర్.పి. లో పన్ను ఉన్నప్పుడు దాని మీద తగ్గింపు ధరలో కూడా పన్ను ఉన్నట్టే. కొత్త చట్టంలో మనకి పనికొచ్చేది ఇంకొకటుంది. కొన్న చోట కాకుండా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకి రుసుము లేదు. 1915 నంబరుకి ఫోను చేసినా నమోదు చేసుకుంటారు.

అయినా నూరు రూపాయల కోసం జిల్లా కేంద్రానికి పోయిరావడానికి కూలి, బస్సు కలిపి ఎంతవుతుందో లెక్క కట్టండి. 1879లో కోర్టు దూరం, ఇప్పుడూ దూరమే. వేసేవాడు వేస్తాడు, పోయేవాడు పోతాడు అన్న ధీమా దుకాణానికి ఉంది. అందుకని తగాదా కౌంటరు దగ్గరే, అప్పటికప్పుడే, నలుగురూ వినేలా పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. గిరిజన సంఘం సంతలో చేసింది అదే.

బడిలో మేము అయిదో తరగతి లెక్కలకి పాత బిల్లులు తెప్పిస్తున్నాం. పిల్లలు కూడికలు బాగానే చేస్తారు. ఆగిపోయేది అక్షరాల దగ్గర. బిల్లు ఇంగ్లీషులో, ఆఫరు షరతు ఇంగ్లీషులో, అదీ చీమంత అక్షరాల్లో. ‘50 శాతం వరకు’ అన్న చోట 50 కొట్టొచ్చినట్టుంటుంది, ‘వరకు’ వెతకాలి. ఇంట్లో కువి, సవర మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, దుకాణంలో ఇంగ్లీషు చదవాల్సిన పిల్ల మూడో భాషలో మోసపోతోంది. డిపో గోడ మీద ఒకప్పుడు తెలుగులో రాయగలిగినవాళ్ళు ఇప్పుడు దుకాణాల చేత ఎందుకు రాయించలేరో అధికారులే చెప్పాలి.

సంతలో ఇప్పుడు కుంచం లేదు, ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దానికి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. అంకెలు చాలాసార్లు షావుకారు వైపే తిరిగి ఉంటాయి. మొన్న చింతపండు రోజుల్లో ‘కాటా ఇటు తిప్పు’ అని గట్టిగా అన్న ఆడవాళ్ళలో ఇద్దరు మా దగ్గర చదువుకున్నవాళ్ళు. షావుకారు గొణుక్కుంటూనే తిప్పాడు. ముద్ర మీద తేదీ రెండేళ్ళ కిందటిది. ఆ సంగతి కూడా వాళ్ళే చదివి, పక్క తట్టల వాళ్ళకి వినబడేలా చెప్పారు.